దూరాన ఉన్న చిట్టా



ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి దాచే శీతల గిడ్డంగులను మీలో చాలామంది చూసే ఉంటారు. కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, టిక్కీలకెత్తి, మంచి ధర వచ్చేదాకా అక్కడ దాచుకుంటారు రైతులు. ఒక రైతు పేర గిడ్డంగి చిట్టాలో 120 టిక్కీలు ఉన్నాయనుకోండి. ఒకరోజు ఆయన పెద్దకొడుకు ట్రాక్టరులో 30 టిక్కీలు తెచ్చి తూర్పు గేటు దగ్గర దించాడు. అదే సమయానికి చిన్నకొడుకు మరో 20 తెచ్చి పడమటి గేటు దగ్గర దించాడు. రెండు గేట్ల దగ్గర ఇద్దరు గుమాస్తాలు, ఇద్దరి ముందూ చెరొక కంప్యూటర్. తూర్పు గుమాస్తా చిట్టా తెరిచాడు: 120. పడమటి గుమాస్తా కూడా తెరిచాడు: 120. తూర్పువాడు 30 కలిపి 150 రాశాడు. పడమటివాడు తన ఎదుట కనిపిస్తున్న 120కి 20 కలిపి 140 రాశాడు.

గిడ్డంగిలో ఉన్న టిక్కీలు 170. చిట్టాలో ఉన్నవి 140. రైతుకు 30 టిక్కీలు పోయాయి!

ఇద్దరికీ కూడికలు వచ్చు. ఇద్దరూ నిజాయితీపరులే. తప్పెక్కడ జరిగింది? కాగితం చిట్టా అయితే పడమటివాడు పుట తిప్పగానే 150 అన్న అంకె కనబడి ఆగిపోయేవాడు. అసలు కాగితం చిట్టా ఒకేసారి రెండు గేట్ల దగ్గర ఉండనే ఉండదు. కంప్యూటర్ చిట్టా మాత్రం ఉంటుంది. మనకది గొప్ప సౌకర్యంగా కనబడుతుంది. చిక్కు కూడా ఆ సౌకర్యంలోనే దాగి ఉంది.

నాకు తగిలిన దెబ్బ

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. కొన్నేళ్ళ కిందట నేనొక బడిలో పనిచేసేవాణ్ణి. పేరెందుకు లెండి. అక్కడ మూడు కంప్యూటర్లు ఉండేవి. రెండు ఉపాధ్యాయుల గదిలో, ఒకటి ఆఫీసు గదిలో. పిల్లల మార్కులన్నీ ఒకే డేటాబేస్‌లో ఉండాలని, ఆ ఫైలును ఆఫీసు గదిలోని కంప్యూటర్‌లో పెట్టి, వైరు ద్వారా మిగతా రెండింటికీ కనబడేట్టు ఏర్పాటు చేయించాం. ఎక్కడ కూర్చున్నా ఫైలు మన కంప్యూటర్‌లోనే ఉన్నట్టు కనబడేది. నాకు భలే ముచ్చటేసింది.

ఒకనాటి మధ్యాహ్నం నేను తొమ్మిదో తరగతి బి సెక్షను సైన్సు మార్కులు ఎక్కించాను. నా పక్క కంప్యూటర్‌లో లెక్కల మాస్టారు అదే సెక్షను లెక్కల మార్కులు ఎక్కించారు. ఇద్దరం పని ముగించి టీ తాగాం. మర్నాడు జాబితా గోడకు అంటించగానే ఒకమ్మాయి తన జవాబు పత్రం పట్టుకొచ్చింది. "సార్, నా పేపర్లో 43 ఉంది. జాబితాలో ఏమీ లేదు సార్!" అంది. చూస్తే ఆ అమ్మాయి ఒక్కతే కాదు. నేను ఎక్కించినవి కొన్ని లేవు. లెక్కల మాస్టారు ఎక్కించినవీ కొన్ని లేవు. "మీరే మరిచిపోయి ఉంటారు" అని ఆయన నాతో, "మీరే చెరిపేసి ఉంటారు" అని నేను ఆయనతో! కాసేపు మా ఇద్దరికీ మాట పట్టింపు కూడా వచ్చింది.

ఆ అమ్మాయి పత్రం జాగ్రత్తగా దాచుకుంది గనక సరిపోయింది. లేకపోతే ఆమె మాట కంటే కంప్యూటర్ మాటనే నమ్మేవాళ్ళం. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఫైలు వేరు, డేటాబేస్ వేరు

మీరు రాసుకున్న వ్యాసమో, తీసుకున్న ఫోటోనో ఒక ఫైలు. దాన్ని మొత్తంగా తెరుస్తారు, మొత్తంగా భద్రపరుస్తారు. డేటాబేస్ అలాంటిది కాదు. అదీ ఫైలే గాని, లోపల పుటలుగా విభజించి ఉంటుంది. మేము వాడింది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్. దీన్ని రిచర్డ్ హిప్ అనే అమెరికన్ 2000 సంవత్సరంలో తయారుచేశాడు. మీ ఇంట్లోని సెల్‌ఫోన్లలో కూడా ఇది ఉంటుంది. ఇప్పుడు ఇందులో ఒక్కొక్క పుట సాధారణంగా 4,096 బైట్లు. ఒక విద్యార్థి పేరు, నంబరు, ఆరు సబ్జెక్టుల మార్కులు రాయటానికి సుమారు 100 బైట్లు పడతాయనుకోండి. అప్పుడు ఒక పుటలో ఎంతమంది పడతారు? భాగించి చూడండి. దాదాపు 40 మంది! అంటే సెక్షను మొత్తం ఇంచుమించు ఒకే పుటలో కూర్చుంటుంది.

డేటాబేస్ రాసేటప్పుడు ఒక్క అంకెను రాయదు, పుట మొత్తాన్ని తిరిగి రాస్తుంది. ఇప్పుడు మా కథ మీకే అర్థమవుతుంది. నా కంప్యూటర్ ఆ పుటను తెచ్చుకుని, నా సైన్సు మార్కు చేర్చి, పుటంతా రాసింది. లెక్కల మాస్టారి కంప్యూటర్ అంతకుముందే తెచ్చి పెట్టుకున్న పాత పుటకు తన లెక్కల మార్కు చేర్చి, దాన్నంతా నా పుట మీద రాసింది. నా మార్కు మాయం. తరువాత నాది ఆయన పుట మీద పడింది. ఆయన మార్కు మాయం. మిర్చి గిడ్డంగి లెక్కే మళ్ళీ!

మరి డేటాబేస్‌లు తయారుచేసినవాళ్ళకు ఈ సంగతి తెలియదా? బాగా తెలుసు. అందుకే వాళ్ళు తాళం పెట్టారు. రాయబోయే ముందు ప్రతి కంప్యూటరూ "ఈ ఫైలుకు తాళం వేస్తున్నాను, నా పని అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అని అడగాలి. తాళం దొరికాకే పుటను చదవాలి, మార్చాలి, రాయాలి. ఆ తరువాత తాళం వదలాలి. ఒకే కంప్యూటర్‌లో పది ప్రోగ్రాములు ఒకే ఫైలు కోసం పోటీపడినా ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. ఎందుకంటే తాళాల లెక్క చూసే పెద్దమనిషి, అంటే ఆపరేటింగ్ సిస్టం, ఒక్కడే.

మరి మా బడిలో తాళం ఏమైంది?

మతిమరుపును వరంగా తీసుకున్న సర్వరు

దూరాన ఉన్న డిస్కును దగ్గర ఉన్నట్టే చూపించే ఏర్పాటును నెట్‌వర్క్ ఫైల్ సిస్టం అంటారు. వీటిలో బాగా పేరున్నది ఎన్.ఎఫ్.ఎస్. దీన్ని అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ అనే సంస్థ 1984లో రూపొందించింది. డిస్కులు బాగా ఖరీదుగా ఉన్న రోజులవి. ఒక పెద్ద డిస్కు కొని పదిమంది పంచుకోవాలన్నది వాళ్ళ ఆలోచన.

దీని మొదటి రూపాల్లో ఒక తమాషా ఉంది. ఫైళ్ళను అందించే సర్వరు ఏమీ గుర్తుపెట్టుకోదు! ఎవరు ఏ ఫైలు తెరిచారు, ఎంతవరకు చదివారు అన్న లెక్క దానికి అక్కర్లేదు. "ఫలానా ఫైలులో ఫలానా చోటు నుంచి ఇన్ని బైట్లు ఇవ్వు" అని అడిగితే ఇస్తుంది, ఇచ్చి మరిచిపోతుంది. మతిమరుపు కూడా ఒక గుణమేనా అంటారేమో! ఇక్కడ గుణమే. కరెంటు పోయి సర్వరు ఆగిపోయిందనుకోండి. మళ్ళీ లేచాక అది గుర్తు తెచ్చుకోవలసింది ఏమీ లేదు. అడిగేవాళ్ళు జవాబు వచ్చేదాకా అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతారు, అంతే. నాకు తెలిసిన తెలివైన ఉపాయాల్లో ఇదొకటి.

అయితే తాళం అంటే ఏమిటి? ఎవరు తాళం వేశారో గుర్తుపెట్టుకోవటమే కదా! మరిచిపోయేవాడికి తాళంచెవుల గుత్తి ఎలా అప్పగిస్తాం? అందుకని ఎన్.ఎఫ్.ఎస్.కు పక్కన తాళాల కోసమే మరొక సేవను విడిగా చేర్చవలసి వచ్చింది. ఇద్దరూ కలిసి పనిచేస్తేనే బండి నడుస్తుంది. ఆ రెండో సేవ సరిగా నడవకపోతే, తాళం అడిగిన ప్రోగ్రాము అలాగే బిగుసుకుపోతుంది. మా బడిలో జరిగింది అదే. ఏర్పాటు చేసిన అబ్బాయి మొదటిరోజు ప్రోగ్రాము బిగుసుకుపోవటం చూసి, "తాళాలు సర్వరు దాకా పంపవద్దు" అన్న మీట నొక్కి వెళ్ళాడు. అలాంటి మీట నిజంగానే ఉంది. ప్రోగ్రాము చకచకా నడవసాగింది. మేమంతా అబ్బాయిని మెచ్చుకున్నాం కూడా!

ఆ మీట నొక్కితే ఏమవుతుందంటే, నా కంప్యూటర్ తాళం వేస్తుంది గాని అది నా కంప్యూటర్ వరకే. పక్క కంప్యూటర్ తన తాళం తాను వేసుకుంటుంది. పొలంలో ఉన్న ఒకే బావికి, ఇద్దరు రైతులు ఎవరి ఇంటి తలుపుకు వాళ్ళు తాళం వేసుకుని, "బావి భద్రం" అనుకున్నట్టు!

తాళానికి తోడు ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రతిసారీ సర్వరు దాకా వెళ్ళి అడిగితే ఆలస్యమని, ఈ కంప్యూటర్లు ఒకసారి తెచ్చిన పుటలను తమ దగ్గరే కొంతసేపు దాచుకుంటాయి. లినక్స్‌లో మామూలుగా ఉండే అమరిక ప్రకారం, ఫైలు మారిందా లేదా అని సర్వరును మళ్ళీ అడగటానికి 3 సెకన్ల నుంచి 60 సెకన్ల దాకా ఆగవచ్చు. తాళం సరిగా పనిచేస్తే, తాళం అందిన క్షణాన దాచుకున్న పాత పుటలను పక్కన పెట్టి కొత్తవి తెచ్చుకుంటాయి. తాళమే లేకపోతే? ఒక నిమిషం పాత పుటను తాజా పుట అనుకుని రాసుకుంటూ పోతాయి. మీరు చదువుకునే పాఠానికో, బొమ్మకో నిమిషం ఆలస్యమైతే నష్టం లేదు. లెక్కల చిట్టాకు నిమిషం చాలా ఎక్కువ.

"రాశాను" అంటే రాసినట్టేనా?

మార్కులు మాయమైన వారం తిరక్కుండానే మరో ముచ్చట. సముద్రపు గాలి జోరుగా వీచి కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఫైలు తెరుచుకోలేదు. తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం: "డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్‌డ్". అంటే ఫైలు రూపమే చెడిపోయింది.

డేటాబేస్ కరెంటు పోకకు కూడా సిద్ధంగానే ఉంటుంది. ఒక పుటను మార్చబోయే ముందు, ఆ పుట పాత ప్రతిని పక్కనొక చిన్న ఫైలులో రాసి పెడుతుంది. దాన్ని జర్నల్ అంటారు. జర్నల్ డిస్కులో నిజంగా చేరిందని తెలిశాకే అసలు పుటను ముట్టుకుంటుంది. నడుమ కరెంటు పోతే, లేచాక జర్నల్ చూసి పాత పుటను తిరిగి నిలబెడుతుంది. మేడ మీదికి ఎక్కేటప్పుడు పై మెట్టు మీద కాలు ఆనాకే కింది కాలు ఎత్తుతాం కదా, అలాగ.

ఈ ఏర్పాటంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. "డిస్కులో చేరింది" అని చెబితే అది నిజం కావాలి. ఎన్.ఎఫ్.ఎస్. రెండో రూపంలో సర్వరు డిస్కు మీద రాశాకే "రాశాను" అని చెప్పాలని నియమం. అది నత్తనడకగా ఉండేది. అందుకని 1995లో వచ్చిన మూడో రూపంలో ముందు జ్ఞాపకంలో పెట్టుకుని, అడిగినప్పుడు మొత్తం ఒకేసారి డిస్కుకు దించే వీలు కల్పించారు. అందులో తప్పులేదు. అయితే డిస్కుకు దించకుండానే "దించాను" అని చెప్పే అమరిక కూడా సర్వర్లలో పెట్టుకోవచ్చు. వేగం కోసం కొందరు పెడతారు. మాకూ అదే పెట్టి ఉంది! అసలు పుట డిస్కుకు చేరింది. జర్నల్ ఇంకా జ్ఞాపకంలోనే ఉండగా కరెంటు పోయింది. పై మెట్టు లేకుండానే కింది కాలు ఎత్తేశాం.

అబద్ధమాడే సర్వరు కంటే నెమ్మదిగా నడిచే సర్వరు ఎంతో మేలని నా అభిప్రాయం. కరెంటు తరచుగా పోయే మన ఊళ్ళల్లో మరీనూ.

చిట్టా పక్కనే గుమాస్తా

అయితే దూరాన ఉన్నవాళ్ళు ఒకే చిట్టాను వాడుకోవటం అసాధ్యమా? కానేకాదు. కొత్తపట్నం నుంచి ఒంగోలు బస్సెక్కి రైల్వేస్టేషనుకు వెళ్ళండి. రిజర్వేషన్ కౌంటరు దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి.

కంప్యూటర్లు రాకముందు రైలు బెర్తుల చిట్టాలు కాగితం పుస్తకాలే. ఒక బండికి, ఒక తేదీకి ఒక జాబితా. అది సాధారణంగా బండి బయలుదేరే ఊళ్ళో ఉండేది. నడుమ స్టేషన్లకు కొన్ని బెర్తులు కోటాగా పంచి ఇచ్చేవారు. కోటా దాటితే, లేదా తిరుగు ప్రయాణానికి కావాలంటే, టెలిగ్రాం కొట్టి జవాబు కోసం ఎదురుచూడాలి. మీ తాతగారిని అడగండి, చెబుతారు. విసుగు పుట్టించే పద్ధతే గాని, ఒక నియమాన్ని మాత్రం గట్టిగా పాటించేది. చిట్టా కదలదు, అడిగే కాగితమే కదులుతుంది.

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తరువాత మన సికింద్రాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో కేంద్రాలు వచ్చాయి. 1990ల నడుమ రైల్వేవారి కంప్యూటర్ సంస్థ క్రిస్ తయారుచేసిన 'కాన్సర్ట్' అనే పద్ధతిని మొదట సికింద్రాబాద్‌లోనే నడిపి చూశారు. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ కలిశాయి. దాంతో ఏ ఊరి నుంచైనా ఏ బండికైనా టికెట్ అడిగే వీలు కలిగింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఒంగోలు కౌంటరులోని కంప్యూటర్ చిట్టాలోని పుటను తన దగ్గరికి తెచ్చుకోదు. "ఫలానా బండి, ఫలానా తేదీ, రెండు బెర్తులు కావాలి" అన్న చిన్న వినతిని పంపుతుంది. చిట్టా ఉన్న కేంద్రంలో, చిట్టా పక్కనే కూర్చున్న ప్రోగ్రాము దాన్ని అందుకుంటుంది. అది మన గుమాస్తా అన్నమాట. తాళం వేసేదీ, పుట మార్చేదీ, జర్నల్ రాసేదీ, తాళం తీసేదీ అదే. అదే క్షణాన నెల్లూరు నుంచి మరొకరు అవే బెర్తులు అడిగితే రెండో వినతి వరుసలో ఆగుతుంది. నడుమ వైరు తెగిపోతే? అవతలివాడు పోయాడని గ్రహించి, సగంలో ఉన్న పనిని గుమాస్తాయే రద్దుచేస్తాడు. పాత పుట ఎవరి దగ్గరా ఉండిపోదు, ఎందుకంటే పుట అసలు గది దాటలేదు.

ఇలా డేటాబేస్ పక్కనే ఉండి అందరి వినతులూ తీర్చే ప్రోగ్రామును డేటాబేస్ సర్వరు అంటారు. పోస్ట్‌గ్రెస్, మై ఎస్‌క్యూఎల్, ఒరాకిల్ వంటివి ఈ జాతివే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పెద్ద సంస్థలు డేటాబేస్ ఫైళ్ళను నెట్‌వర్క్ డిస్కుల మీద పెట్టుకోవటం లేదా? పెట్టుకుంటున్నాయి. ఒరాకిల్ అయితే 2007లో ఎన్.ఎఫ్.ఎస్. కోసమే ప్రత్యేకమైన ఏర్పాటును తన డేటాబేస్‌లోనే చేర్చింది. కాని అక్కడ బీరువా మాత్రమే దూరాన ఉంటుంది. చిట్టాను ముట్టుకునేది డేటాబేస్ సర్వరే గాని కౌంటర్ల కంప్యూటర్లు కావు. "దించాను" అన్న మాట నిజమయ్యేట్టు అమరికలు సరిచూసి మరీ పెడతారు. కనుక దూరం ఒక్కటే శత్రువు కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియని పలు చేతులు ఒకే పుట మీద పడటమే ప్రమాదం. మేము వాడిన ఎస్‌క్యూలైట్ తయారీదారులు కూడా, పలు కంప్యూటర్ల నుంచి నెట్‌వర్క్ మీదుగా ఒకే ఫైలును రాయవలసి వస్తే డేటాబేస్ సర్వరును వాడుకోమనే తమ సూచనల్లో రాశారు. మేము చదవలేదు, అంతే!

తరువాత మేము ఆఫీసు గది కంప్యూటర్‌లోనే ఒక చిన్న డేటాబేస్ సర్వరు పెట్టించాం. జవాబు పత్రాలన్నీ తిరిగి తెప్పించి, లెక్కల మాస్టారూ నేనూ రెండు సాయంత్రాలు కూర్చుని మార్కులన్నీ మళ్ళీ ఎక్కించాం. ఆ అమ్మాయి 43 మొదట ఎక్కించాను.

చేసి చూడండి

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకంలో 'నిల్వ: 100' అని రాసి గది మూలన బల్ల మీద పెట్టండి. నలుగురు గుమాస్తాలు నాలుగు మూలల్లో కూర్చోవాలి. ఒక్కొక్కరికి ఐదు చీటీలు ఇవ్వండి. చీటీల మీద 5, 10 వంటి అంకెలు జమగా రాసి ఉండాలి. నలుగురు స్నేహితులు పరుగుదూతలు. మొదటి ఆటలో దూత పుస్తకం దగ్గరికి పరుగెత్తి, నిల్వ చూసి వచ్చి గుమాస్తాకు చెప్పాలి. గుమాస్తా తన చీటీలోని అంకె కలిపి, కొత్త నిల్వ చెప్పి పంపాలి. దూత వెళ్ళి పాత అంకె కొట్టేసి కొత్తది రాయాలి. అందరూ ఒకేసారి ఆడాలి. 20 చీటీలూ అయ్యాక నిల్వ ఎంత ఉండాలో, ఎంత ఉందో పోల్చండి.

రెండో ఆటలో పుస్తకం దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి. దూతలు చీటీ మాత్రమే తెచ్చి ఇవ్వాలి. కూడేదీ రాసేదీ ఆ ఒక్కరే. మళ్ళీ పోల్చండి. రెండు ఆటలకూ ఎంతెంత సమయం పట్టిందో గడియారం చూసి రాసుకోవటం మరవకండి.

మూడో ఆట కాస్త చిక్కుది. దీన్ని మీకే వదిలేస్తున్నాను. ఎన్.ఎఫ్.ఎస్. నాలుగో రూపం 2000లో వెలువడింది. అందులో తాళాలను విడి సేవకు వదలకుండా అసలు నియమాల్లోనే కలిపారు. తాళం తీసుకున్నవాడు మధ్యమధ్య "నేనున్నాను" అని చెబుతూ ఉండాలి. లినక్స్ సర్వరులో మామూలుగా 90 సెకన్ల గడువు ఉంటుంది. గడువు దాటినా పలకకపోతే తాళం ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. మీ ఆటలో కూడా పుస్తకం మీద ఒక తాళంచెవి పెట్టండి. అది చేతిలో ఉన్న దూతే నిల్వ చూడాలి, రాయాలి. 90 లెక్కపెట్టేలోగా పలకకపోతే తాళంచెవి మరొకరిది. ఇప్పుడు ఒక దూత, నిల్వ చూసిన తరువాత, దారిలో చెప్పు తెగి కూర్చుండిపోయాడు. 90 దాటింది. తాళంచెవి మరొకరికి వెళ్ళింది. వాళ్ళు రాసేశారు. అప్పుడు మొదటివాడు చెప్పు సరిచేసుకుని, తన దగ్గర ఇంకా తాళం ఉందనుకుని, పుస్తకం దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వాణ్ణి ఎవరు ఆపాలి? ఎలా గుర్తుపట్టాలి?